దండ వేసే ఠేకేదార్లు – లెక్క అడిగిన ఠేకేదారు



ఏప్రిల్ 11 వచ్చిందంటే ప్రాణహిత ఒడ్డు ఊళ్లలో కూడా మైకులు మోగుతాయి. ఆ రోజు జ్యోతిరావు ఫూలే జయంతి. సాంచాల మీద సెలవు పెట్టి సిరొంచ తాలూకాలోని ఇంటికి పోయిన మన సభ్యులు కొందరు తిరిగి వచ్చి ఒక ముచ్చట చెప్పారు. ఒక ఊళ్లో జయంతి సభకు జీపు దిగి ఒక నాయకుడు వచ్చాడు. ఆయన నాయకుడూ, ఠేకేదారూ కూడా. రోడ్డు పని ఆయనదే, ఇసుక పని ఆయనదే, ఓట్లప్పుడు పంచే డబ్బూ ఆయనదే. పటానికి దండ వేశాడు, కొబ్బరికాయ కొట్టాడు. తర్వాత మైకు అందుకుని, ఫూలే కూడా తనలాగే ఠేకేదారేననీ, తనలాగే మునిసిపాలిటీ మెంబరేననీ, కాబట్టి ఠేకేదార్లను తిట్టేవాళ్లు ముందు చరిత్ర చదువుకోవాలనీ చెప్పాడట. ఆయన రోడ్డు పని చేసి రెండు నెలలుగా కూలి అందని ఆడవాళ్లు ఆ సభలోనే వెనక వరసలో కూర్చుని ఉన్నారు.

ఊరి పేరు, మనిషి పేరు మేము రాయడం లేదు. ఆ మనిషి ఒక్కడు కాదు. మీ ఊళ్లోనూ ఉన్నాడు. కానీ ఆయన విసిరిన మాటకు మాత్రం జవాబు చెప్పి తీరాలి. ఎందుకంటే ఆ మాట అబద్ధం కాదు. ఫూలే నిజంగానే ఠేకేదారు. నిజంగానే పుణె మునిసిపాలిటీ సభ్యుడు. సగం నిజం చెప్పి మిగతా సగం జేబులో పెట్టుకున్న వాడి దగ్గర నుంచి ఆ రెండో సగాన్ని బయటికి లాగడమే ఈ వ్యాసం పని.

మనలో చాలామందికి ఫూలే అంటే బడి పెట్టిన మనిషి. 1848లో సావిత్రీబాయితో కలిసి పుణెలో ఆడపిల్లలకు బడి తెరిచాడు. 1855లో పగలంతా చెమటోడ్చే కూలీలకు, రైతులకు రాత్రి బడి నడిపాడు. 1868లో తన ఇంటి నీళ్ల తొట్టిని అంటరానివాళ్లని పేరు పెట్టిన జనానికి తెరిచాడు. ఇవన్నీ పాఠ్యపుస్తకంలో ఉంటాయి. పాఠ్యపుస్తకం సరిగా చెప్పని సంగతి ఒకటుంది. ఈ పనులకు డబ్బు ఎక్కడిది? ఆయన తిండి ఎలా గడిచింది?

1827లో పుణెలో పుట్టిన ఈ మాలీ కులస్థుడు వ్యాపారం చేసి బతికాడు. పుణె కమర్షియల్ అండ్ కాంట్రాక్టింగ్ కంపెనీలో భాగస్థుడు. కాత్రజ్ ఘాట్ సొరంగం, యెరవాడ వంతెన లాంటి పనుల్లో ఆ ఠేకేదార్ల చెయ్యి ఉంది. ఖడక్‌వాస్లా ఆనకట్ట కట్టేటప్పుడు రాయి, సామాను సరఫరా చేశాడు. నగల తయారీకి వాడే అచ్చుల అమ్మకం ఏజెన్సీ నడిపాడు. మాంజరి దగ్గర పొలం చేశాడు. అంటే సర్కారు బిల్లు ఎలా పాస్ అవుతుందో, ఏ బల్ల దగ్గర ఎంత చెయ్యి తడపాలో, కొలతల పుస్తకంలో ఎక్కడ గీత పడితే కూలివాడి పొట్ట మీద దెబ్బ పడుతుందో లోపలి నుంచి చూసిన మనిషి.

చూసి ఏం చేశాడు? మన జీపు నాయకుడు చెప్పని సగం ఇక్కడే మొదలవుతుంది. ఇంజనీరింగ్ శాఖలో నౌకర్లు, ఆఫీసర్లు కలిసి కూలీలనూ రైతులనూ ఎలా పిండుతున్నారో ఫూలే తన రచనల్లో బట్టబయలు చేశాడు. తనకు పని ఇచ్చే శాఖ మీదే రాశాడు. బిల్లు ఆగిపోతుందని భయపడలేదు. ఇవాళ మన తాలూకాలో ఏ ఠేకేదారైనా తనకు పని ఇచ్చిన ఆఫీసు గురించి ఒక్క ముక్క రాసి సంతకం పెట్టగలడా? మేము ఎదురు చూస్తాం.

ఇక మునిసిపాలిటీ సంగతి. 1876 నుంచి 1882 దాకా ఫూలే పుణె మునిసిపాలిటీలో సభ్యుడు. ఓట్లతో గెలిచిన పదవి కాదు, సర్కారు నియమించిన పదవి. అలాంటి కుర్చీలో కూర్చున్నవాడి నుంచి సర్కారు ఏం కోరుకుంటుంది? తల ఊపాలి, చెయ్యి ఎత్తాలి, సంతకం పెట్టాలి. 1880లో వైస్రాయి లిట్టన్ పుణెకు వస్తున్నాడని, ఆయన స్వాగతానికి వెయ్యి రూపాయలు ఖర్చు చేద్దామని ప్రతిపాదన వచ్చింది. ఆనాటి వెయ్యి రూపాయలంటే చిన్న మాట కాదు. 1876–78 కరువు కాటకం దక్కనులో జనాన్ని పిట్టల్లా రాల్చి రెండేళ్లు కూడా దాటలేదు. ఫూలే లేచి, ఆ డబ్బు పేదల పిల్లల చదువుకు పెట్టండి అన్నాడు. నియమిత సభ్యుల్లో ఆ ఖర్చును వ్యతిరేకించినవాడు ఆయన ఒక్కడే. మిగతా చేతులన్నీ లేచాయి. ప్రతిపాదన నెగ్గింది.

ఆ ఏడాదే ఊళ్లో సారా దుకాణాలు పెరుగుతున్నాయని, పేదల ఇళ్లు కూలుతున్నాయని మునిసిపాలిటీ అధ్యక్షుడికి లేఖ రాశాడు. సారా అంటే సర్కారుకు ఆదాయం. ఆ ఆదాయం మీదే వేలు పెట్టాడు.

ఇంకొకటి వినండి. పుణెలో పెద్ద ఖర్చుతో ఒక మార్కెట్ భవనం కట్టాలన్నారు. ముందు బడులు కట్టండి, తర్వాత మార్కెట్ అని ఫూలే వ్యతిరేకించాడు. అయినా కట్టారు. 1886లో తెరిచి గవర్నర్ రే పేరు పెట్టారు. తర్వాతి కాలంలో ఆ భవనానికే మహాత్మా ఫూలే మండయీ అని పేరు మార్చారు. ఏ ఖర్చును ఆయన వద్దన్నాడో ఆ ఖర్చు నెత్తిన ఆయన పేరే చెక్కారు! దండ వేసేవాళ్ల తెలివి అప్పటి నుంచీ ఇలాగే ఉంది. మనిషి అడిగిన లెక్కను పాతిపెట్టడానికి ఆ మనిషి విగ్రహం కంటే మంచి బండ దొరకదు.

ఠేకాలో సంపాదించింది ఎటు పోయింది? బడులకు, 1863లో వితంతువుల ప్రసూతికి తెరిచిన ఇంటికి, 1873లో స్థాపించిన సత్యశోధక్ సమాజానికి పోయింది. చివరికి 1888లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోతే ఎడమ చేత్తో పుస్తకం రాశాడు. 1890లో ఆయన అవస్థ చూడలేక మిత్రుడు మామా పరమానంద్ బరోడా మహారాజుకు సాయం కోరుతూ లేఖ రాయాల్సి వచ్చింది. 1890 నవంబర్ 28న కన్ను మూశాడు. తన ఇంటి వెనక నేలలో పాతిపెట్టమని ఆయన కోరుకుంటే, ఆయన ఆరేళ్లు కూర్చున్న మునిసిపాలిటీయే అనుమతి ఇవ్వలేదు. ఇదీ పందొమ్మిదో శతాబ్దపు ఆ ఠేకేదారు, ఆ మెంబరు జీవితం. పదవిలోకి పోయేటప్పుడు ఉన్నదానికంటే బయటికి వచ్చేటప్పుడు ఆస్తి తగ్గిన మెంబర్ని మన గడ్చిరోలి సరిహద్దులో ఎవరైనా చూశారా? చూస్తే యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. దండ మేమే వేస్తాం.

ఇప్పుడు మన లోపలి మాట. ఈ వ్యాసం రాయాలనుకున్నప్పుడు మా కమిటీలోనే ఒక అన్న అడ్డుపడ్డాడు. ఎంత మంచివాడైనా ఫూలే ఠేకేదారే కదా, ఠేకేదారు లాభం కూలివాడి చెమట నుంచి కాక ఆకాశం నుంచి ఊడిపడుతుందా, కార్మికుల పత్రికలో ఆయన్ని మెచ్చుకోవడం ఏమిటి అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. మేము దాన్ని దాటవేయం. ఫూలే మిల్లు కార్మికుడు కాదు, సంఘం పెట్టినవాడూ కాదు. ఆయన లాభంలోనూ రాయి కొట్టినవాడి వాటా ఉంది. ఆయన్ని దేవుణ్ణి చేయమని మేము చెప్పడం లేదు. మేము చెప్పేది వేరు. ఆయన జీవితంలో రెండు పాఠాలున్నాయి. ఒకటి ఆయన గెలిచిన చోట ఉంది, ఇంకొకటి ఓడిన చోట ఉంది. జీపు నాయకుడికి ఈ రెండూ అక్కర్లేదు. మనకు రెండూ కావాలి.

ఓడిన చోటు చూశాం. మునిసిపాలిటీలో ఒక్క చెయ్యి. నిజాయితీ ఉంది, మాట బలం ఉంది, లెక్క తెలుసు. అయినా ఓడిపోయాడు. స్వాగతం ఖర్చు ఆగలేదు, మార్కెట్ ఆగలేదు. మంచి ఠేకేదారు ఒక్కడు కుర్చీలో కూర్చుంటే పేదవాడి బతుకు మారుతుందనుకుంటే ఫూలే కంటే మంచివాణ్ణి ఎక్కడి నుంచి తెస్తారు?

గెలిచిన చోటు పుణె మునిసిపాలిటీలో లేదు. బొంబాయి మిల్లు పేటల్లో ఉంది. ఇక్కడ మన తెలుగువాళ్ల కథ కూడా కలుస్తుంది. నిజాం ఇలాకా నుంచి బొంబాయికి పోయి రాళ్లు మోసి, గోడలు లేపి బతికిన మనవాళ్లను అక్కడ కామాఠీలు అన్నారు. కామాఠీపురా పేటకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. వాళ్లలో కొందరు ఠేకేదార్లయ్యారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ, వ్యంకూ బాళాజీ కాళేవార్ లాంటి ఆ తెలుగు ఠేకేదార్లు బొంబాయిలో సత్యశోధక్ సమాజానికి వెన్నుదన్నుగా నిలిచారు. ఫూలే పేరు చెప్పుకునే హక్కు మనకు పరాయి హక్కు కాదు. ఆ ఉద్యమంలో మన గోదావరి ఇవతలి జనం సొమ్ము, మాట రెండూ ఉన్నాయి.

ఆ సమాజంలో పెరిగినవాడే నారాయణ్ మేఘాజీ లోఖండే. మిల్లులో స్టోర్‌కీపర్‌గా చేసినవాడు. పుణెలో 1877లో కృష్ణారావు భాలేకర్ మొదలుపెట్టిన దీనబంధు పత్రికను 1880లో బొంబాయికి తెచ్చి మిల్లు కార్మికుల గొంతు చేశాడు. 1884 సెప్టెంబర్‌లో కార్మికుల సభలు పెట్టించి, 5,500 మంది సంతకాలతో అర్జీ పెట్టించాడు. ఆ అర్జీలో ఏముందో ఒక్కసారి వరసగా చదవండి. వారానికి ఒక రోజు, ఆదివారం సెలవు. మధ్యాహ్నం అరగంట విరామం. పొద్దున ఆరున్నర నుంచి పొద్దు గూకే దాకానే పని. నెల జీతం మరుసటి నెల 15వ తేదీ దాటకుండా ఇవ్వాలి. పనిలో దెబ్బ తగిలితే కోలుకునే దాకా పూర్తి జీతం. జీవితాంతం పనికి రాకుండా పోతే పోషణకు పింఛను.

అన్నలారా, అక్కలారా! ఇది నూట నలభై ఏళ్ల కిందటి కాగితం. ఇవాళ మీ కార్ఖానాలో ఈ ఆరు కోర్కెల్లో ఎన్ని అమలవుతున్నాయి? వేళ్ల మీద లెక్కపెట్టండి. ఒక చెయ్యి చాలు, వేళ్లు మిగులుతాయి కూడా.

ఆ అర్జీని చూసి మిల్లు యజమానులు వెంటనే కరిగిపోలేదు. ఆరేళ్లు నలిగింది. 1890 ఏప్రిల్‌లో పదివేల మంది కార్మికులు సభ కట్టారు. ఆ సభలో ఇద్దరు ఆడ కూలీలు కూడా లేచి మాట్లాడారు. 1890 జూన్ 10న యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. ఫూలే అప్పటికి బతికే ఉన్నాడు, మరో ఐదు నెలలకు పోయాడు. ఒక్క చెయ్యి ఎత్తి ఓడిపోయిన మనిషి, తన దారిలో నడిచిన పదివేల మంది గెలవడం చూసి పోయాడు.

ఆదివారం సెలవు మనకు ఏ సేఠూ దానం చేయలేదు. సంతకం పెట్టడం రానివాళ్లు వేలిముద్ర వేసి సంపాదించారు. మన విదర్భలోనే, 1877లో నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు తెరిచిన ఏడాదే కూలి రేట్ల మీద కార్మికులు పని ఆపారు. ఆ మిల్లు 2002లో మూతపడింది. మన వరంగల్ ఆజంజాహీ మిల్లు 1934లో మొదలై అదే 2002లో ముగిసింది. మిల్లులు పోయాయి, స్థలాలు అమ్ముడుపోయాయి. ఆదివారం అనే హక్కు మాత్రం మిగిలింది. దాన్నీ ఇప్పుడు సాంచాల షెడ్లలో కాజేస్తున్నారు.

ఎలా కాజేస్తున్నారో చూడండి. 29 కార్మిక చట్టాలను మడిచి 4 కోడ్‌లు చేశారు. ఒకటి 2019లో, మూడు 2020లో పార్లమెంటులో పాసయ్యాయి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చారు. పాత చట్టంలో కరెంటుతో నడిచే షెడ్డులో 10 మంది ఉంటే అది ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో 20 మంది ఉండాలి. పాత కేంద్ర చట్టంలో 20 మంది కాంట్రాక్టు కూలీలను పెట్టుకుంటే చట్టం వర్తించేది. ఇప్పుడు 50 మంది దాకా ఠేకేదారుకు ఆ బాధ లేదు. రాష్ట్రం దాటి పోయే వలస కార్మికుల చట్టం 5 మందికే వర్తించేది. ఇప్పుడు 10 మంది కావాలి. 1979 చట్టంలో వలస కార్మికుడికి బయలుదేరేటప్పుడు ఇవ్వాల్సిన భత్యం ఉండేది. అది ఈ కోడ్‌లో లేదు.

దీని అర్థం మన భాషలో చెప్పుకుందాం. సిరొంచ నుంచి, అంకీసా నుంచి, అసరెల్లి నుంచి ఒక ముకద్దం తొమ్మిది మందిని రాష్ట్రం దాటించి సాంచాల మీద పెడితే, వలస కార్మికులుగా వాళ్లు చట్టం కంటికి ఆనరు. ఒకే గోడకు ఇటు ఒక షెడ్డు, అటు ఒక షెడ్డు, రెండు పేర్ల మీద రెండు మీటర్లు. ఒక్కో దాంట్లో పంతొమ్మిది మంది. ఫ్యాక్టరీ మాయం! ఇంత సులువైన గారడీ ఏ జాతరలోనూ చూడలేదు.

లెక్క అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో మన సరిహద్దుకు కొత్తగా చెప్పాలా? మేడిగడ్డ బ్యారేజీకి ఎడమ ఒడ్డు మన సిరొంచ తాలూకా పోచంపల్లిలోనే ఉంది. 2019 జూన్ 21న ప్రారంభోత్సవం. 2023 అక్టోబర్ 21న పియర్లు కుంగాయి. ఈ మధ్యలో వెనక నీళ్లకు పొలాలు మునిగిన మన రైతులు పరిహారం కోసం ధర్నాలకు కూర్చున్నారు. కట్టేటప్పుడు అడగాల్సిన లెక్క కుంగిన తర్వాత విచారణ కమిషన్ అడగాల్సి వచ్చింది. ప్రారంభోత్సవం నాడు వేదిక మీద కుర్చీలకు కొదవ లేదు. ఆ వేదిక మీద ఒక్క ఫూలే ఉన్నా ఒక్క చెయ్యి వ్యతిరేకంగా లేచేది. ఒడ్డు మీది రైతూ, రాయి మోసిన కూలీ, ఇసుక తోడిన మనిషీ కలిసి వేల చేతులు లేపి ఉంటే?

అందుకే మేము అడిగేది ఇది. ఫూలే పటానికి దండ వేయడానికి ఏ ఠేకేదారు వచ్చినా ఆపవద్దు. వేయనివ్వండి. కానీ దండ వేసి దిగేలోపు నాలుగు ప్రశ్నలు అడగండి. గుంపుగా నిలబడి, మర్యాదగా, గట్టిగా అడగండి.

మొదటిది: నీ దగ్గర పని చేసేవాళ్ల హాజరు పుస్తకం ఎక్కడ? అందులో మా పేర్లున్నాయా?

రెండోది: కూలి ఏ తేదీకి ఇస్తున్నావు? చీటీ ఇస్తున్నావా, నోటి లెక్కేనా?

మూడోది: ప్రావిడెంట్ ఫండ్ పేరుతో మా జీతంలో కోసింది ఏ ఖాతాలో పడింది?

నాలుగోది: వేలు తెగినవాడికి, కాలు విరిగినవాడికి ఏమిచ్చావు?

జవాబు చెప్పినవాడికి నమస్కారం పెట్టండి. జవాబు చెప్పలేనివాడికి ఆ దండ వేసే అర్హత లేదని అక్కడే చెప్పండి. ఒక్కరు అడిగితే మరునాడు పని నుంచి తీసేస్తారు. యాభై మంది అడిగితే పుస్తకం తెరుస్తారు. ఐదు వందల మంది అడిగితే వచ్చే ఏడు జయంతికి రిజిస్టరు చంకలో పెట్టుకుని వస్తారు.

మన సభ్యులకు మరో మాట. రెండు షెడ్ల గారడీ మీ దగ్గర ఉంటే వివరాలు యూనియన్‌కు చేర్చండి. ఏ సాంచాల మీద ఎంతమంది, ఏ షిఫ్టు, కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉంది, ముకద్దం ఎవరు, ఊరు నుంచి తెచ్చేటప్పుడు ఎంత అడ్వాన్సు ఇచ్చాడు, ఎంత కోశాడు అన్నీ రాయండి. రాయడం రానివాళ్లు చెప్పండి, పక్కవాళ్లు రాస్తారు. 1884 నాటి ఆ 5,500 సంతకాల వెనక ఇలాంటి చీటీలే ఉన్నాయి. పెద్ద అర్జీలు ఆకాశం నుంచి రావు, కార్ఖానా మూలలో బీడీ డబ్బా మీద రాసిన లెక్కల నుంచే వస్తాయి.

1873లో ఫూలే గులాంగిరీ పుస్తకం అచ్చువేసి, దాన్ని అమెరికాలో నల్లవాళ్ల బానిసత్వం రద్దు చేయడానికి నిలబడినవాళ్లకు అంకితం ఇచ్చాడు. పుణెలో కూర్చున్న ఒక ఠేకేదారు సముద్రం అవతలి బానిస కోసం, ఆ బానిస వైపు నిలబడినవాడి కోసం తన పుస్తకం మొదటి పేజీ ఖాళీ చేశాడు. గోదావరి ఇవతలి కూలివాడూ, అవతలి కూలివాడూ, తెలుగు మాట్లాడేవాడూ, మరాఠీ మాట్లాడేవాడూ, మాడియా మాట్లాడేవాడూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టడానికి మనకు సముద్రం దాటే పని లేదు. నది దాటితే చాలు. దానిమీద ఇప్పుడు వంతెన కూడా ఉంది.

దండలు వాడిపోతాయి. లెక్కలు నిలబడతాయి. లెక్క అడుగుదాం!

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!